గుండు లెక్క

నిరుడు చవితికి డబ్బా నూట ఎనభై.
దసరాకి రెండొందల ముప్పై.
మొన్న వన్ టౌన్‌లో పారస్‌మల్
నేను కొట్టు మెట్టెక్కకముందే చెయ్యి అడ్డంగా ఊపాడు.
"సరుకు రావట్లేదు సైదాబీ. ఉన్నవి మూడు.
మూడొందల తొంభై.
రేపొస్తే రేపటి రేటు."

గ్యాసు బండకి దాచిందీ, కొంగున ముడేసిందీ
గల్లా మీద పోశాను.
చేతిలో ఇమిడే డబ్బాలే.
సీసం కదా, బరువు భుజానికి తెలిసింది.
పున్నమి ఘాటు దాకా నడిచే వచ్చాను.
ఆటో ఎక్కితే పాతిక గుళ్ళు పోతాయి.
టీ తాగితే పదిహేను.
ఈ మధ్య రూపాయల్లో లెక్క
మర్చిపోతున్నాను.

మా ఆయన ఖాసింకి ఓ పాడలవాటు.
గుళ్ళు పెదాల మధ్య పెట్టుకుని
ఒక్కొక్కటే తీసి తుపాకిలో కూరతాడు.
వాళ్ళ నాన్నా అంతే.
విషమయ్యా అని పన్నెండేళ్ళు మొత్తుకున్నాను.
పోయిన వారం మానేశాడు.
భయపడి కాదు,
ఒకటి మింగితే ముప్పావలా అని.

ఇరవైకి పది దెబ్బలుండేవి, ఆరు చేశాం.
కాలేజీ కుర్రాళ్ళు గొడవ పెట్టుకుంటారు.
పక్కన అమ్మాయి ఉంటే మాత్రం
మాట్లాడకుండా ఇస్తారు, మాట్లాడకుండా గురి తప్పుతారు.
తప్పు వాళ్ళది కాదులెండి.
గొట్టం కాస్త ఎడమకి లాగుతుంది.
ఆ సంగతి నాకూ ఖాసింకీ తెలుసు,
బెలూన్లకి తెలుసు.

జనం పల్చబడ్డాక
రవ్వ జల్లెడ పట్టుకుని బోర్డు వెనక కూచుంటాను.
కొత్తలో తెలియక పాత స్పీకరు అయస్కాంతం తెచ్చి
ఇసకంతా తిప్పాను. మేకులొచ్చాయి, ఓ పిన్నీసు వచ్చింది.
సీసం రాలేదు.
దానికి వేళ్ళే కావాలి.
రెండు వేల దెబ్బలకి ఒక కిలో.
సీతానగరం నుంచి నాంచారయ్య వచ్చి తూయించుకుపోతాడు,
కరిగించి వలకి గుండ్లు పోసుకుంటాడు.
గతంలో నేను బతిమాలేదాన్ని.
ఇప్పుడు వద్దన్నా వస్తున్నాడు,
అడక్కుండానే కిలోకి ఎనభై పెంచాడు.
"గుండ్లు లేని వలని చూసి
చేపలు నవ్వుతాయక్కా" అంటాడు.

నిన్న పారస్‌మల్ ఫోను.
పటమటలో ఓ పిల్ల పోటీకి వెళ్తోందట,
సాధనకి గుళ్ళు లేవట.
"వెనక్కిస్తావా? ఐదొందలు ఇప్పిస్తా."
ఒక్క బెలూను పేలకుండా
మూడు డబ్బాల మీద మూడొందల ముప్పై.
ఖాసిం బోర్డు వంక చూశాడు.
నేను దుప్పట్ల పెట్టె వంక చూశాను.
ఇద్దరం మాట్లాడుకోలేదు.

సాయంత్రం ఆ పిల్లే వచ్చింది, ప్రణుతి అట,
స్కూటరు మీద వాళ్ళ నాన్న.
మాటల మధ్యలో మా తుపాకి అందుకుంది.
ఇరవై రూపాయలిచ్చే కొట్టింది, ఊరికే కాదు.
మొదటిది చెక్కకి తగిలింది.
తుపాకి దించి
"ఆంటీ, ఇది ఎడమకి పోతోంది" అంది,
పుల్లకూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా.
తర్వాతవి ఐదూ
పేలాయి, వరసాగ్గా, ఎర్రటివే ఏరుకుని.
ఖాసిం మొహం చూడాలి!
చుట్టూ జనం. ఆ రోజు బేరం బాగానే అయింది.

ఒక డబ్బా ఇచ్చాను.
నాలుగొందలు తీసుకున్నాను.
వాళ్ళ నాన్న ఐదొందల కాయితం తీస్తే
వంద తిరిగిచ్చేశాను.
ఆ పై పదీ ఎందుకంటే
నడక కూలి.

రాత్రి జల్లెడ పడితే
ఆ ఐదూ చెక్క పగుల్లో దొరికాయి,
నొక్కుకుపోయి, బొరుగు గింజల్లా.
విడిగా పెట్టబోయాను.
ఎందుకులే అని నాంచారయ్య డబ్బాలోనే వేశాను.

పెట్టెలో ఇంకా రెండున్నాయి. వెయ్యి దెబ్బలు.
జనం బాగా వస్తే పదిరోజులు.
వాన పడితే
ఇంకా ఎక్కువే వస్తాయి.