నాలుగూ ఇరవై బండి

కాజీపేటల దిగేటాల్లకు పదకొండు దాటింది.
కాగజ్‌నగర్ బండి నాలుగూ ఇరవైకి.
చేతిల పెట్టె. పట్నంల సరిచూపించి తెస్తున్న
ఇత్తడి గుండ్లు,
ఐదు కిలోలది మొదలుపెట్టి
గోరంత గ్రాము దాకా.
సర్కారు బరువు. పక్కన పెట్టి కన్ను మూస్తే
నౌకరి మీదికొస్తది.

వెయిటింగ్ హాల్ల బెంచీలకు
నడుమ నడుమ ఇనుప చేతులు మొలిచినయ్.
మనిషి ఒరగకుండ
ఎవరో మస్తు ఆలోచన చేసిన్రు.
ఎదురుంగ లాడ్జిల పిలగాడు
ఫోన్ల నుంచి తల ఎత్తకుండనే
"తొమ్మిది వందలు" అన్నడు.
ఐదు గంటలకా? అన్న.
"ఐదు నిమిషాలకైనా."

నా టీఏ బిల్లుల రాత్రి బసకు
రాసి ఉన్నది రెండు వందల పది.
ఆ లెక్క రాసినాయన
ఏ కాలంల పండుకున్నడో.

చాయ్ గిలాసలు కడుగుతున్న ముసలామె
నా గుంజుకపోయిన భుజం చూసింది.
"చర్చి ఎనుక మూడో గల్లీ. బోర్డుండది.
గేటుకు రైలు దీపం ఏలాడుతది.
పచ్చగుంటె మంచం ఖాళీ,
ఎర్రగుంటె ఎనుకకు మర్రు."

పచ్చగనే ఉన్నది.

తలుపు తీసిన ఇన్నాసమ్మ
పేరడగలే, ఆధార్ అడగలే.
"ఏ బండి?"
లోపట శౌరయ్య రిజిస్టర్ తెరిచి
స్కేలు పెట్టి గీత కొట్టిండు:
కాగజ్‌నగర్, 4.20. లేపవలసినది 3.35.
"నూట యాభై. దోమతెర ఉన్నది.
ఫ్యాను మొత్తుకుంటది, ఏమనకు,
మా అత్తగారి కాలం నాటిది."

ముప్పై నాలుగేండ్లు ఆయన లోకోషెడ్డుల కాల్‌బాయ్.
డ్యూటీ దిగిన నాడు కూడ బాయే.
అర్ధరాత్రి సైకిలేసుకొని క్వార్టర్ క్వార్టర్‌కు పోవుడు,
డ్రైవర్లను లేపుడు, సంతకం పెట్టించుకొనుడు.
"ఒక్కొక్కడు ఒక్కో తీరు లేస్తడు సార్.
ఒగాయన బూటు ఇసిరేటోడు.
ఇంకొగాయన పెండ్లాం, ఇంట్ల లేడని చెప్పేది.
లోపటికెల్లి గురక ఇనొచ్చేది."

గుండ్ల సంగతి తెలిసి ఇన్నాసమ్మ
తన తరాజు తెచ్చి ముంగట పెట్టింది.
మామిడికాయ తొక్కు అమ్ముతదట.
పావుకిలో గుండు ఎన్నడో పోయింది,
దాని బదులు
పట్టాల మీద ఏరిన కంకర రాయి.
చట్టం ప్రకారం జప్తు చెయ్యాలె.
నేను చెప్పులు ఇడిచి వాళ్ల చాప మీద కూసున్న మనిషిని.
పెట్టె తెరిచి జోకిన.
పన్నెండు గ్రాములు ఎక్కువ.
అంటే నువ్వే నష్టపోతున్నవమ్మా, అన్న.
ఆమె రాయిని చేతిల తిప్పి చూసింది.
"గందుకేనా, నా తొక్కు మంచిగుంటదంటరు!"

కండ్లు తెరిచేసరికి కిటికీల ఎండ.
ఆరూ పది.
గుండె గొంతులకొచ్చింది,
అంగీ గుండీలు తప్పులు పెట్టుకుంట ఉరికిన.

మెట్ల మీద శౌరయ్య,
స్వెట్టరు, మఫ్లరు, ఒళ్లె రిజిస్టరు.
"బండి ఘన్‌పూర్‌ల ఆగింది. ఇంజన్ ఫెయిలు.
మూడున్నరకు స్టేషన్ పోయి అడిగొచ్చిన.
ఐదింటికి మల్ల పోయిన.
ఏడున్నరకంటే ముందు రాదు.
నిన్ను లేపి ఏం జెయ్యాలె?"

లేపిన టైం అని ఉన్న గడిల
ఎర్ర సిరాతో రాసి ఉంది: లేపలేదు.
"ఈ మాట నేను ఎన్నడు రాయలే సార్.
సంతకం పెట్టు."
పెట్టిన.

నూట యాభై ఇచ్చిన. అరవై మిగిలింది.
పావుకిలో తొక్కు జోకమన్న.
ఇన్నాసమ్మ జోకింది,
ఆ రాయితోనే.

పెట్టె ఎత్తిన. రాత్రంత బరువే ఉన్నది.
సరిచూసిన గుండ్లు, ఎట్ల తగ్గుతయ్?
గల్లీ మలుపుల ఎనుకకు చూస్తే
శౌరయ్య దీపం దించి
గలాసు తుడుస్తున్నడు,
పొద్దు పొడిసినంక కూడ.