ప్రచురణ వివరాలు

గ్రంథాలయం నుంచి వచ్చిన పిల్లా,
నీ కార్డు మీద నాలుగే గడులున్నయి:
పేరు, రచయిత, ఏడాది, ప్రతులు.
జెర కూసో.
వెయ్యి ప్రతులని ఉన్న ప్రతి చోట
మూడొందలని దిద్దుకో ముందుగాల.
వెయ్యి అనేది మర్యాదకు.

నల్లగొండ గడియారం ఎనక గల్లీల
మా బోర్డు మీద పవర్ ప్రెస్ అని ఉండె.
పవరంత నా కుడికాలిదే.
మాఘంల లగ్గం పత్రికలు, వైశాఖంల లగ్గం పత్రికలు,
మూఢం వచ్చిందంటె నవలలు.
శుక్రుడు కనబడని నెలల్లనే
మా ఊరి సాహిత్యమంత అచ్చయ్యింది.

పానగల్లు పట్టపుటేనుగు
రాసింది కట్టంగూరు పోస్టుమాస్టరు సోమశేఖరం.
నాలుగొందల పేజీల రాజుల కత.
రాణి పేరు కళావళి.
పేజీకి ఇరవై మాట్ల పిలుస్తడు ఆమెను.
మా కేసుల ‘ళ’లు మొత్తం ఇరవై ఆరు.
అయ్యా, పేరు మార్చమంటె
ఏడ్చినంత పని జేసిండు.
తెల్లారి వచ్చి, సుమతి అని పెట్టు, అన్నడు
బిడ్డను అత్తగారింటికి తోలినట్టు.
రెండొందల పన్నెండో పేజీల మాత్రం
రాజు నిద్దట్ల కలవరిస్తడు, కళావళీ అని.
నా కంట పడలే. దిద్దుతనంటె వద్దన్నడు.
చదివినోళ్లు రాజుకు
ఇంకొకామె ఉన్నదనుకున్నరు.

మూడో బావి, అది వేరే.
మర్రిగూడ దిక్కు బోరు మెకానిక్కు ముత్తిలింగం.
ఆ నీళ్లు ఎముకలను ఏం జేస్తయో నీకెరుకే.
వేళ్లు వంగక బిడ్డతోని రాయించిండు.
రెండు గొర్లు అమ్మితె ఒక రీము కాయితం.
ప్రూఫులు బల్ల మీద పరిస్తె
అందరం వంగి చదివేటోళ్లం.
ఆయనకు అక్కెర లేకుండె,
ముందే వంగి ఉన్నడు.
ఒక్కటి అమ్మలే.
నీళ్ల ట్యాంకరు కాడ నిలబడి
బిందెకొకటి పంచిండు.
ఏడాది గడి ఖాళీ ఇడిచిపెట్టు,
ఆయనే వేయొద్దన్నడు.
ఇది ఏ ఏడాదిది గాదు, అన్నడు.

సీతాఫలాల పొద్దు మీద
విద్యాసాగర్ అని ఉంటది.
రాతప్రతి ఎనక పక్క ఆరో తరగతి లెక్కల ప్రశ్నలు,
గుండ్రటి చేతిరాత.
నాయిక పేరు సుగుణనా సుగంధినా అని అడిగితె
సారు ఇంటికి పోయి అడిగొచ్చిండు.
నేను ఇంకేం అడగలే.

ఇగ డిటెక్టివు. పదమూడో మైలురాయి.
దేవరకొండ డిపో గుమాస్తా రాసిండు,
రాసి, బదిలీ మీద ఆసిఫాబాదు పోయిండు.
పొద్దుగాల మొదటి బస్సుకు
మిర్యాలగూడెం సేటుకు పుస్తకాలు ఎక్కియ్యాలె.
ఆ రాత్రి ఆఖరి ఫారం నా చేతులకెళ్లి జారింది.
ఎనిమిది పేజీల సీసం బండల మీద గింజలైంది.
కాయితాలేమో చాయ్ పొయ్యిల పోయినయి.
హంతకుడెవరో యాదికి రాదు.
కంపోజు జేసేటోడు అచ్చరాలు చదువుతడు,
అదీ తలకిందులుగ;
కత చదవడు.
కందిలి పెట్టుకొని కూసున్న.
జీవితంల మొదటిసారి
ఒక నవలను ముందు నుంచి ఎనుకకు చదివిన.
తొలికోడికి దొరికిండు:
రెండో అధ్యాయంల ఒక్కసారి
చాయ్ తెచ్చి పోయిన పిలగాడు.
పేరు గూడ లేదు వానికి.
నేనే పెట్టిన. కూర్చుకుంట కూర్చుకుంట పోయిన,
స్టిక్కు నిండేటంత సేపు ఆలోచన,
మల్ల ఇంకో వరస.

నెలకు కార్డు వచ్చింది ఆసిఫాబాదు నుంచి.
తిడుతడనుకున్న.
‘వాడేనని నాకు తట్టలేదు.’ అంతే.

రచయిత గడిల ఆయన పేరే రాయి.
ఆఫ్‌సెట్టు వచ్చినంక సీసమంత
తూకానికి పోయింది.
ఈ బుడ్డల ఉన్నయి ‘ళ’లు, లెక్కబెట్టుకో,
ఇరవై ఐదే ఉంటయి.
ఒకటి మనుమడు మింగిండు.

ఇంతకు ఆ డిటెక్టివు మీ కాడ ఉన్నదా?
ఆఖరి పేజీలు
ఎవ్వరు చింపలే గద?