పడవ పేరు

వాంబోలా పాస్‌వర్డు నాకు పదకొండేళ్ళుగా తెలుసు.
నేనేం దొంగిలించలేదు.
హెల్టర్మా రేవులో నా క్యాంటీను.
ఫెర్రీ ఆలస్యమైన ఒక నవంబరు సాయంత్రం
కళ్ళద్దాలు సూపులో పడేసుకుని
"మాల్లే, నువ్వే కొట్టవే" అని
పదిమంది వింటుండగా గట్టిగా చెప్పాడు:
కాయాకస్. పక్కనే డెబ్బై నాలుగు.

తెల్ల సముద్రపక్షి పేరు, వాళ్ళ నాన్న పడవ పేరు.
ఇప్పటికీ రేవు గోడ పక్కన బోర్లా పడి ఉంది.
నీలం రంగు పెచ్చులూడింది గానీ
అక్షరాలు చెక్కుచెదరలేదు,
వాటి కింద అంకెలు కూడా.

టిక్కెట్లిచ్చే లూలేకి తెలుసు. మంగలికి తెలుసు.
"తాళం వేశాడు, గొళ్ళెం మరిచాడు" అని
బస్సు నడిపే ఎండెల్ నవ్వేవాడు.
ఒక్కరమూ తెరవలేదు.
మా మంచితనమా? ఏమో.
తలుపెప్పుడూ తీసి ఉండే ఇంట్లోకి
తొంగిచూడాలని ఎవరికి బుద్ధి పుడుతుంది!

తర్వాత మంత్రయ్యాడు. చేపల శాఖ.
టాలిన్‌లో వాళ్ళు రెండు తాళాలున్న ఈమెయిలిచ్చారు.
అందులోంచి పండగ శుభాకాంక్షలు పంపేవాడు.
అసలు సంగతులన్నీ ఈ పాత పెట్టెలోంచే.

మొన్న జనవరిలో, టార్టులో,
మా సముద్రం మొహమైనా చూడని
హన్నో అనే పంతొమ్మిదేళ్ళ కుర్రాడు
ఏదో పత్రికలో ఫోటో చూశాడు:
పడవకి ఆనుకుని నవ్వుతున్న మంత్రి.
మూడోసారికే తెరుచుకుందట.
"పగలగొట్టడానికేముంది సార్,
బొమ్మ మీదున్నది చదివాను" అన్నాడట పోలీసులతో.

ఆరువేల ఉత్తరాలు
ఎండు చేపల్లా బజార్న పడ్డాయి.
టీవీ వాళ్ళు హెర్రింగ్ కోటా గురించి,
ఎవరో కంపెనీ వాళ్ళ గురించి అరిచారు.
దీవిలో మేం మాత్రం
మొదట ఎవరి పేరు వాళ్ళం వెతుక్కున్నాం.

లూలేకి దొరికింది: "ఆ గొణుగుడు మనిషి."
ఎండెల్‌కి ఏమీ దొరకలేదు.
పాపం అందరికన్నా వాడే ఎక్కువ నొచ్చుకున్నాడు,
"ఇరవయ్యేళ్ళు ఓటేశాను, ఒక్క తిట్టుకైనా నోచుకోలేదా" అని.
నాది వాళ్ళక్కకి రాసిన ఉత్తరంలో ఉంది:
"మాల్లే సూపు గిన్నెలు కడిగిన నీళ్ళలా ఉంటుంది,
కానీ అక్కడైతే ఎంతసేపైనా కూర్చోనిస్తుంది."
తొమ్మిదిసార్లు చదివాను.
కామాకి ముందు కోపం వస్తుంది.
కామా దాటాక ఏం చెయ్యాలో తెలియదు.

కోటా ఉత్తరాలు ఆ తర్వాతెప్పుడో చదివాను.
మా రేవులో ఇప్పుడు మిగిలినవి నాలుగు పడవలు.
ఎందుకు నాలుగో అప్పుడర్థమైంది.
రోజూ పొద్దున్నే నాన్న పడవ పేరు కొట్టి
లోపలికెళ్ళి
సముద్రాన్ని అమ్మాడు.

ఫిబ్రవరిలో గడ్డకట్టిన సముద్రం మీదుగా కారులో వచ్చాడు.
ఆ మంచు దారిలో బెల్టు పెట్టుకోకూడదు,
మంచు విరిగితే వెంటనే బయటపడాలిగా.
గట్టుకి చేరాక కూడా
బెల్టు లేకుండానే ఉన్నవాడిలా
కుర్చీ అంచున కూర్చున్నాడు, పాత బల్ల దగ్గరే.
సూపు పెట్టాను. ఉప్పు తగ్గించలేదు, పెంచలేదు.
నేను చదివానని తెలుసు.
చివరి చుక్క దాకా తాగాడు.

"మార్చేశాను" అన్నాడు కాసేపటికి.
"ఇరవై రెండక్షరాలు. వాళ్ళే ఇచ్చారు. అర్థం పర్థం లేదు."
కోటు జేబులోంచి నలిగిన కాగితం తీసి
దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.
"మాల్లే, నువ్వే..."
కాగితాన్ని చూడకుండానే మడిచి
మళ్ళీ వాడి జేబులోనే పెట్టాను.

రాత్రి క్యాంటీను మూసి గోడ పక్కకెళ్ళాను.
చేత్తో మంచు తుడిచాను.
కాయాకస్.
ఇప్పుడిక ఏ తలుపూ తెరవదు.
పడవ పేరు, అంతే.
వేళ్ళు కొంకర్లు పోయేదాకా
అంకెలు కూడా తుడిచాను.