పొట్టు

పెద్దగా వాడలేదంటాడు ఫెర్గస్,
ఆదివారాలు మాత్రమేనట.
మిరమిషి నది మీద మంచు పగిలే చప్పుడు
షెడ్డు రేకుల దాకా వస్తోంది.

మూత విప్పి లోపలికి టార్చి వేశాను.
మూలల్లో పొట్టు, పొరలు పొరలుగా:
అడుగున తేనెరంగు పైన్,
దాని మీద మేపుల్, జల్లించిన పిండిలా,
అన్నిటికన్నా పైన వాల్‌నట్, నల్లగా, కాఫీ పొడిలా.
ఇన్ని ఆదివారాలు ఏ క్యాలెండర్లోనూ ఉండవు.

వెంట తెచ్చుకున్న యాష్ పలకని దాని నోటికందించాను.
చెవులు దిమ్మెక్కేలా అరిచి
అటువైపు కక్కింది.
నునుపే,
కానీ బొటనవేలి కింద
ఈ కొస నుంచి ఆ కొసకి సన్నటి గీత, ఈనెలా.
బ్లేడుకి ఎక్కడో పంటిగాటు.
మేకు తగిలి ఉంటుంది. మేకు మాట ఆయన ఎత్తలేదు.

మూడు వందల డాలర్లు.
ఇంకో మూడొందలు కలిపితే కొత్తదే వస్తుంది,
గ్యారంటీ కాయితంతో, గీతల్లేకుండా.
ఒడెట్, తొందరపడకు అని
నాకు నేనే ఫ్రెంచిలో చెప్పుకున్నాను.

"ఈ నల్ల పొట్టు దేనిది?"
టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.
"తలుపుది. మూడుసార్లు కొలత తప్పాను.
నాలుగోది పట్టింది."
ఇప్పుడు వెళ్ళబోయే అపార్టుమెంటులో
తలుపులన్నీ వాళ్ళే పెట్టేశారట.
చప్పుడు అసలే కూడదట.

రెండొందల ఇరవై అన్నాను.
ఔననలేదు, కాదనలేదు,
వంగి అటువైపు చేతులు వేశాడు.
ముప్పై అయిదు కిలోలు,
ఒక్కరు ఎత్తేది కాదు.