కిటికీ కొలతలు

తెల్లారగట్ల ప్యాసింజరులో
నా మెడలో టేపు చూసి
కోరుకొండలో ఎక్కే పాలాయన రోజూ ఒకటే అడుగుతాడు:
"ఏటమ్మా, ఇయ్యాలెంత సముద్రం కొలిసొస్తావు?"

తొమ్మిదడుగుల వెడల్పు, ఏడున్నర ఎత్తు.
పన్నెండో అంతస్తు.
కిటికీ కాదది, మా ఇంట్లో అయితే గోడ.
అంత సముద్రాన్నీ కొనుక్కుని
ఆవిడంటుంది:
"ఎండ గుచ్చుతోంది. అటు నీళ్ళు కనబడకుండా
మందం గుడ్డ వెయ్యండి."
సరేనంటాను.
మూసినందుకే కదా మాకు కూలి.

గేటు దగ్గర రిజిస్టరు.
పేరు, ఫోను, వచ్చిన పని, ఊరు.
ఊరి దగ్గర సెక్యూరిటీ కుర్రాడు ఆగి నవ్వుతాడు, "ఇజీనారమా?"
నవ్వినోడిది రాజాం.
చొక్కాకి ఇస్త్రీ చేశాడు గానీ
మాటకి మర్చిపోయాడు.

బాబామెట్ట దిగువన మా వీధి.
గుడ్డ కోసేది కరీముల్లా మాస్టారు.
ఒక కంట్లో శుక్లం, కత్తెర మాత్రం తప్పదు.
అంచులు మడిచేది సాహుగారి కోడలు మినతి.
తెలుగులో లెక్కపెట్టి, తప్పొస్తే ఒరియాలో తిట్టుకుంటుంది.
రింగులు బిగించేది ఆరిక సింహాద్రి,
కురుపాం కొండల నుంచి దిగొచ్చిన జాతాపు కుర్రాడు,
మాట తక్కువ, ఈల ఎక్కువ.
మధ్యాహ్నం గిన్నె మూత తీసి
మినతి పొఖాళొ అంటుంది,
నేను తరవాణి అంటాను.
పులుపొకటే. పేరు దగ్గరే పేచీ.

కలిసిమెలిసి అని పేపర్లో రాస్తారే,
అలాగేం కాదు.
కుళాయి దగ్గర బిందెలు కొట్టుకుంటాయి.
మైకులు మోగే రోజున ఎవరి గడియ వాళ్ళు వేసుకుంటాం.
మర్నాడు దారం అయిపోతే
మళ్ళీ ఆ తలుపే తడతాం.

మిగిలిన ముక్కలు మావి.
పట్నంవాళ్ళ నీలాలు, బూడిదరంగులు
మా గుమ్మాలకి వేలాడతాయి,
ఓ ఇంటికి అడుగున్నర, ఓ ఇంటికి మూరెడు.
ఏ గుమ్మానిది ఏ అంతస్తో
గాలికి ఊగుతుంటే చెప్పేస్తాను.

మొన్న పనయ్యాక ఆవిడ తెర లాగి చూసుకుంది.
సముద్రం ఆరిపోయింది.
"బాగా కుదిరింది" అని
మంచినీళ్ళిచ్చింది, గాజుగ్లాసులోనే.
"మీ ఊళ్ళో ఏవుంది చూడ్డానికి?"
కోటా, గంటస్తంభమూ నాలుక దాకా వచ్చాయి.
నోట్లోంచి మాత్రం మినతి వచ్చింది.
"ఎవరూ?"
"మీ తెర అంచు కుట్టిందండి."
ఆవిడ వంగి అంచు తిరగేసింది.
అక్కడ జానెడు మేర కుట్టు రంగు మారింది.
నీలం దారం అయిపోయిన రాత్రి
ఎదురింటి తలుపు తట్టిన చోటది.
ఆవిడ వేలు దాని మీంచే వెళ్ళింది, ఆగలేదు.
నేనూ చెప్పలేదు.

తిరుగు బండిని అలమండలో ఆపేశారు, క్రాసింగట.
పాలాయన ఖాళీ క్యాన్ల మీద ఒరిగి గుర్రు పెడుతున్నాడు.
రేపు అడగనీ, చెప్తాను:
అరవై ఏడున్నర చదరపడుగులు,
మడతలు కాక.