నూట ముప్పై ఒకటో చుట్టు

దేవరకొండ బస్టాండు ఎనక, మెట్లెక్కితే నా స్టూడియో.
కింద మైసయ్య తాత మోటర్ల వైండింగ్ దుకాణం.
నడుమ ఒక్క స్లాబు.
పగలంత ఆయన సుత్తె సప్పుడు నాకు,
రాత్రంత నా ఫ్యాన్ల రొద ఆయనకు.

సెకండ్‌హ్యాండు ప్రాసెసరు. దాన్ని
కంపెనోడు చెప్పినదానికన్న జోరుగ ఉరికిస్తున్న,
నాలుగు పాయింట్ ఎనిమిది గిగాహెర్ట్జ్.
మే నెల. గది నలభై డిగ్రీలు, చిప్పు తొంభై నాలుగు.
డబ్బా పక్కరేకు ఊడదీసి గోడకు ఆనిచ్చిన.
మూడు ఫ్యాన్లు ఒక్కసారి గొంతెత్తితే
క్యాలెండరు లేచి జూన్ నెల కనవడ్తది.

రేపు పొద్దుగాల కొండమల్లేపల్లి పెండ్లి వీడియో ఇయ్యాలె.
అప్పగింతల కాడ, పిల్ల తల్లి మొకం కాడ,
డెబ్బై ఒకటి శాతంల మిషను ఆగుతది.
నీలం తెర.
ఆ తల్లి ఏడుపు ఇప్పటికి మూడుసార్లు సగంల ఆగింది.

ఓల్టేజీ అనే మాట
ఇక్కడ బడి మొకం చూడనోళ్లకు గూడ ఎరుకే.
తక్కువైతే మోటరు మూలుగుతది, ఎక్కువైతే కాలుతది,
ఆ నడుమ సందుల్నే వరి పండాలె.
తాత అంటడు: "కాలిన మోటరు వాసన జూసి జెప్త,
అలసి కాలిందా, ఆశకు కాలిందా."
నాది ఆశే.

ఒకటి పాయింట్ మూడు ఐదు కాడికెల్లి
ఒక్కొక్క మెట్టు దిగుతున్న.
మూడు మూడు. నిలబడ్డది.
మూడు ఒకటి. నిలబడ్డది, చిప్పు ఎనభై ఆరు.
రెండు తొమ్మిది. చాయ్ చల్లారింది, అది నిలబడ్డది.
రెండు ఏడు. నీలం తెర.
మల్ల పైకి, రెండు ఎనిమిది.
గంట. గంటన్నర.
పిల్ల కారెక్కింది, తల్లి కొంగుతోని మొకం తుడుసుకున్నది.

అప్పుడు ఫ్యాన్ల గీతను కిందికి గుంజిన,
రెండువేల నాలుగొందల చుట్ల నుంచి పదమూడొందలకు.
రొద దిగుతుంటే
దాని ఎనక దాగినవి బయటికొచ్చినయి:
ట్యూబులైటు కాడ బల్లి,
నైట్ హాల్టు బస్సుల డ్రైవరు దగ్గు,
స్లాబు కింద, సన్నగ,
"నూట ఇరవై తొమ్మిది... నూట ముప్పై..."

రాత్రి రెండు. తాత రాగితీగ చుడుతున్నడు.
నాలుగేండ్ల సంది ఆయన నెత్తి మీదనే కూసున్న,
ఆయన గూడ నిద్రపోడని ఎరుక లేదు.

"నూట ముప్పై ఒకటి."
ఆగింది.
శానసేపు ఆగింది.

పొద్దుగాల సాసర్ల చాయ్ ఊదుకుంట అన్నడు:
"రాత్రి నీ మిషను సచ్చిపోయిందనుకున్న బిడ్డా.
సప్పుడు లేకపాయె, లెక్క తప్పిన.
చుట్టిందంత ఇప్పి మల్ల ఒకటి కాడికెల్లి మొదలువెట్టిన."

ఇయ్యాల ఓల్టేజీ ముట్టుకోలే.
డబ్బా ఎనకున్న ఫ్యాను ఒక్కదాన్ని
పంతొమ్మిదొందల చుట్లకు పెట్టిన.
చిప్పుకు దాంతోని పని లేదు.