సప్పుడు

వారం రోజుల సంది కంప్యూటర్ల సప్పుడు లేదు.
మందుల పాఠం చెప్పే సారు నోరు తెరుస్తడు, మూస్తడు,
గాజుతొట్ల చేప తీరు.
స్టాఫ్ నర్సు పరీక్షకు ఇరవై రెండు రోజులున్నయి.

కింద మూలకు బుడ్డ స్పీకరు బొమ్మ ఉంటది గదా,
దాని మీద ఎర్ర ఇంటూ లేదు.
గీత నూటికి నూరు మీదున్నది.
పచ్చ పిన్ను పీకి, ఊది, మల్ల పెట్టిన.
గులాబీ రంధ్రంల గూడ పెట్టి చూసిన.
బంద్ చేసి చాలు చేసిన, ఎనిమిది సార్లు.
లక్ష్మీనగర్ల షాపు రాజనర్సుకు ఫోన్ చేస్తె
"డ్రైవర్ పోయిండక్కా" అన్నడు.
చెప్పినట్టె కొత్త డ్రైవర్‌ను ఎక్కిచ్చిన.
ఆయనా మూగోడే.

పొద్దుగాల ఏడున్నరకు ఓదెలు వచ్చిండు నైట్ షిఫ్టు దిగి,
కండ్ల అంచులకు కాటుక లెక్క బొగ్గు.
ఎన్నడు కంప్యూటర్ ముట్టనోడు,
స్పీకర్ మీద గోటితో టక్కుటక్కున కొట్టి
చెవి ఆనిచ్చి విన్నడు.
"బాయిల కప్పును గిట్లనే కొట్టి చూస్తం.
గట్టిదైతె గంట తీరు మోగుతది.
బోలుగ పలికితె మాట్లాడకుంట ఎనుకకు జరుగుడే.
ఇది బాగనే పలుకుతాంది."
చాయ్ తాగుకుంట మల్ల ఆయనే అన్నడు:
"పని కాడికి గాలి రాకపోతె ఫ్యాను ఆగిందనుకోం.
యాడనో తలుపు తెరిచి ఉంటది,
గాలి అటు మళ్లుతాంటది.
ఆ తలుపు దేవులాడు."

డబ్బా ముందట, సన్నటి రంధ్రంల
టార్చి ఏస్తె ఏదో మెరిసింది.
ముల్లు తీసే చిమ్టాతోని గుంజిన.
నూటికి నూరు మీదున్న సారు ఒక్కపారి ఒర్లిండు.
పిల్ల లేచి ఏడ్సింది.
ఎదురు క్వార్టర్ల రాధవ్వ తలుపు తీసి చూసింది.
ఓదెలు నవ్వి నవ్వి చాయ్ మీద పోసుకున్నడు.

చిమ్టా కొనకు గోరంత పిన్ను ముక్క,
చెవిల పెట్టుకునే వైరుది.
"ఎప్పుడు ఇరిగింది?" అన్నడు.
"ఏమో" అన్న.

పోయిన మంగళారం ఆయనది సెకండ్ షిఫ్టు.
పిల్ల పండుకున్నదని చెవుల వైరు పెట్టుకొని
పాఠం వింటున్న.
రాత్రి తొమ్మిదింబావుకు, కూయరాని ఏళల,
బాయి మీద సైరన్ కూసింది.
కుర్చీల నుంచి ఎట్ల లేచిన్నో, వైరు ఎట్ల తెగిందో,
చెప్పులు లేకుంట గేటు దాక ఎట్ల ఉరికిన్నో.
అప్పటికే అక్కడ శానమంది ఆడోళ్లున్నరు.
ఎవలు ఎవలతోని మాట్లాడలే.
రిపేరు చేసి ఊకెనె నొక్కి చూసిండ్రట.
ఆయన పదకొండున్నరకు వచ్చి
చారు సల్లారిందని అన్నడు.
ఏడి చేసి పోసిన. ఏం చెప్పలే.

గప్పటి సంది సారు
మందులన్ని, మోతాదులన్ని
ఆ ఇరిగిన ముక్కకే చెప్తున్నడు.

ఇప్పుడు ఓదెలు గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.
సారును నాలుగు మీదికి దించిన.
ముక్కను సూదుల డబ్బల ఏసిన.
ఒక చెవు పాఠం మీద,
ఒక చెవు ఆయన గురక మీద.
బోలు లేదు.
గట్టిగనే పలుకుతాంది.